హెచ్‌సీయూలో చేరాను గానీ నాకంటూ ఎవరూ లేరు, ఏం చెయ్యాలి?

ఉద్దానం_పిల్ల:

అందరికీ నమస్తే. మాది శ్రీకాకుళం జిల్లా, కవిటి పక్కన పల్లె. డిగ్రీ ఊరికి దగ్గర్లోనే చదివాను. సీయూఈటీ రాస్తే హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో ఎంఏ హిస్టరీ సీటు వచ్చింది. పలాసలో ఫలక్‌నుమా ఎక్కినప్పుడు నా అంత అదృష్టవంతురాలు లేదనుకున్నా.

ఇక్కడ చూస్తే క్లాసులో మలయాళీలు, బెంగాలీలు, ఒడిశా వాళ్లు, ఢిల్లీ నుంచి వచ్చినవాళ్లు. తెలుగువాళ్లం నలుగురైదుగురం, అందులో ఇద్దరు డే స్కాలర్లు, క్లాసవగానే బస్సు కోసం పరిగెడతారు. పలకరిస్తే అందరూ పలుకుతారు, నోట్స్ అడిగితే వాట్సాప్‌లో పెడతారు. క్లాసు దాటితే ఎవరి దారి వారిది. రూమ్మేట్‌ది కేరళలో మలప్పురం. మంచమ్మాయే, కానీ రాత్రి పదకొండు దాకా ఇంటికి ఫోన్ చేసి మాట్లాడుతూనే ఉంటుంది. నేను ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని గోడవైపు తిరిగి పడుకుంటా.

సాయంత్రం నుంచి రాత్రి భోజనం దాకా గడవడమే గండంగా ఉంది. మెస్‌లో పళ్లెం పట్టుకుని ఎక్కడ కూర్చోవాలో తెలీక నిలబడతా. చివరికి ఏదో మూల కూర్చుని, ఫోన్ చూస్తూ గబగబా తినేసి వచ్చేస్తా. హిందీ రాదు. ఇంగ్లీష్ చదివితే అర్థమవుతుంది గానీ, నేను మనసులో వాక్యం కూర్చుకునేసరికి వాళ్లు ఇంకో టాపిక్‌లోకి వెళ్లిపోతారు. అమ్మకి మాత్రం బాగానే ఉన్నానని చెప్తున్నా. ఇక్కడ చదివినవాళ్లు ఎవరైనా ఉంటే దయచేసి చెప్పండి.

బోటనీ_అక్క:

నేను అక్కడే లైఫ్ సైన్సెస్‌లో పీహెచ్‌డీ, మాది ఖమ్మం వైపు. ధైర్యంగా ఉండు, అంతా సర్దుకుంటుంది లాంటి మాటలు నేను చెప్పను, మీ అమ్మ ఎలాగూ చెప్తుంది.

ముందు ఒక్కటి అడుగుతా. రాత్రి పదకొండు దాకా ఇంటికి ఫోన్ చేసే పిల్లకి ఇక్కడ బోలెడుమంది ఫ్రెండ్స్ ఉన్నారనుకుంటున్నావా? నీకంటే ఎక్కువ దిగులు పడుతున్నది ఆ అమ్మాయేనేమో. మీ ఉద్దానంలో కొబ్బరి, జీడి, పనస. వాళ్ల మలప్పురంలోనూ కొబ్బరి, పనసే. 2018లో తిత్లీ తుఫానుకి మీ కొబ్బరి తోటలు ఎలా పడిపోయాయో ఈ గచ్చిబౌలిలో ఎవరికి చెప్పినా ఊకొట్టి ఊరుకుంటారు. కొబ్బరిచెట్ల కింద పెరిగిన పిల్ల అలా ఊరుకోదు. ఊరెళ్లినప్పుడు పలాస జీడిపప్పు ఒక పొట్లం తెచ్చి ఆమె చేతిలో పెట్టు. మీ ఇద్దరి మధ్య నిజానికి పరాయిదాన్ని నేను, ఖమ్మందాన్ని.

ఇక క్యాంపస్ సంగతి. ఇది 1974లో పుట్టింది, అప్పట్లో ఊరికి దూరంగా 2,000 ఎకరాల పైన రాళ్లూ తుప్పలూ. తర్వాత సిటీయే వచ్చి చుట్టూ చేరింది. లోపల మాత్రం హాస్టల్ నుంచి డిపార్ట్‌మెంట్‌కి నడకే బోలెడు. అందుకని ఇక్కడ మనుషులు కలిసేది క్లాసులో కాదు, దారిలో. షాప్‌కామ్ (క్యాంపస్ షాపింగ్ కాంప్లెక్స్‌ని అలా అంటాం) దగ్గర టీ తాగుతూ, సైకిల్ చైన్ ఊడిపోయి ఆగినప్పుడు, నెమలి రోడ్డుకి అడ్డంగా వస్తే అందరూ ఫోన్లు తీసినప్పుడు. రోజూ ఒకే వేళకి షాప్‌కామ్‌కి వెళ్లు. ఎవరితోనూ మాట్లాడక్కర్లేదు. కొన్నాళ్లకి ఆ టైమ్‌కి వచ్చే ముఖాలు నీకు, నీ ముఖం వాళ్లకి అలవాటవుతాయి. అప్పుడు ‘ఏంటి, నిన్న రాలేదు?’ అని ఎవరో ఒకరు అంటారు. నాకు అలా దొరికిన అస్సాం పిల్ల ఇప్పటికీ నా థీసిస్ చాప్టర్లు చదివి తప్పులు దిద్దుతుంది.

మెస్‌లో ఖాళీ టేబుల్ వెతక్కు, సగం నిండినది చూడు. ‘ఇక్కడికి ఎవరైనా వస్తున్నారా?’ అని అడిగి కూర్చో. స్టూడెంట్స్ యూనియన్ ఎన్నికలొచ్చాయంటే మరీ తేలిక. అన్ని సంఘాలవాళ్లూ మెస్‌లకొచ్చి స్పీచులు ఇస్తారు, వాళ్లు వెళ్లిపోయాక టేబుళ్ల దగ్గర అసలు వాదన మొదలవుతుంది. నిన్ను ఏ సంఘంలోనూ చేరమనట్లేదు, ఊరికే కూర్చుని విను. 2025 మార్చిలో క్యాంపస్‌ని ఆనుకున్న కంచ గచ్చిబౌలి 400 ఎకరాల్లో చెట్లు కొట్టడం మొదలైనప్పుడు, అంతకుముందు పేరు కూడా తెలియనివాళ్ల పక్కన కూర్చుని నినాదాలిచ్చాం. ఏప్రిల్ మొదట్లో సుప్రీంకోర్టు ఆపమంది. అప్పుడు పెట్టుకున్న వాట్సాప్ గ్రూపులో ఇప్పుడు పుట్టినరోజు కేకుల ఫోటోలు పెట్టుకుంటున్నాం.

హిందీ రాదని కుమిలిపోకు. నీ క్లాసులో మలయాళీలకి వచ్చా? తప్పుల ఇంగ్లీషే ఇక్కడ అందరి భాష.

తార్నాక_తమ్ముడు:

అక్కా, మీకేం, నెమళ్లు, రాళ్లు. మాది ఓయూ, మా రోడ్ల మీద పొద్దున్నే వాకింగ్‌కి వచ్చే అంకుల్సే ఎక్కువ.

చెల్లెమ్మా, నేను ఇంకోలా చెప్తా. ముందు తెలుగువాళ్లతోనే మొదలెట్టు, అందులో నామోషీ ఏం లేదు. నేను ఆదిలాబాద్ నుంచి వచ్చినప్పుడు మా జిల్లావాళ్ల రూమే దిక్కు. వాళ్ల వెంట సాయంత్రం ఆర్ట్స్ కాలేజీ మెట్ల మీద కూర్చుంటే మెల్లగా మిగతావాళ్లు పరిచయమయ్యారు. లైబ్రరీ కూడా వదలకు. మా దగ్గర గ్రూప్స్‌కి, డీఎస్సీకి చదివేవాళ్లు పొద్దున వచ్చి ఎవరి కుర్చీలో వాళ్లు కూర్చుంటారు. నాలుగింటికి టీకి లేస్తూ పక్కవాణ్ణి కూడా లేపడం అక్కడి మర్యాద. నాకు పక్క కుర్చీ అన్న పేరు తెలిసేసరికి సగం సిలబస్ అయిపోయింది, అప్పటిదాకా టీ డబ్బులు మాత్రం ఆయనే ఇచ్చాడు.

బోటనీ_అక్క:

తమ్ముడూ, నీ మాట సగం ఒప్పుకుంటా. మన గుంపులో పడ్డాక బయటికి రావడం కష్టం. రెండేళ్లూ ఆ ఆరుగురితోనే సినిమాలు చూసి, వీడ్కోలు రోజున క్లాస్‌మేట్స్ ఊళ్లు అడిగినవాళ్లని చూశాను.

హాస్టల్_మాజీ:

చదివి అయిదేళ్లయింది, అయినా ఉండబట్టలేక రాస్తున్నా. ఆడపిల్లవి కాబట్టి షాప్‌కామ్ కంటే ముందు నీ హాస్టల్ వరండా. తలుపు తీసి పెట్టుకుని చదువుకో, అంతే చాలు. హెయిర్ క్లిప్ అడగడానికో, చార్జర్ అడగడానికో ఎవరో ఒకరు తొంగిచూస్తారు. సుకూన్ ఫెస్ట్‌కి వాలంటీర్‌గా పేరు ఇవ్వు. పాట, డాన్స్ రాకపోయినా కుర్చీలు వేయడానికీ, గెస్టుల్ని దారి చూపించి తీసుకురావడానికీ మనుషులు కావాలి కదా. చీకటిపడ్డాక ఒక్కదానివే రాళ్లవైపు, చెరువులవైపు మాత్రం పోకు, అడవిపందులు తిరుగుతాయి.

ఇంకో మాట. నిద్ర పట్టకపోవడం, తిండి సయించకపోవడం అదేపనిగా ఉంటే ఫ్రెండ్స్ దొరికేదాకా ఆగకు, కౌన్సెలర్ దగ్గరికి వెళ్లు. పిచ్చివాళ్లే వెళ్తారని ఊళ్లో అనుకుంటారు, ఇక్కడ పరీక్షల టెన్షన్‌కి కూడా వెళ్తారు.

ఉద్దానం_పిల్ల:

అక్కలకీ అన్నకీ థాంక్స్. నిద్ర బాగానే పడుతోంది అక్కా, ఆ భయం లేదు.

రాత్రి రూమ్మేట్‌ని వాళ్లింట్లో పనసచెట్టు ఉందా అని అడిగా. ఫోన్ పెట్టేసి మరీ చూపించింది, పెరట్లో చెట్టు, మొదట్లోంచి పైదాకా కాయలే. మా ఇంట్లో పనసపొట్టు కూర ఆవపెట్టి ఎలా చేస్తారో వచ్చీరాని ఇంగ్లీష్‌లో చెప్తే, ఆవ సంగతి అర్థంకాక గూగుల్‌లో ఫోటో చూపించాల్సొచ్చింది. ఎప్పుడూ ఇయర్‌ఫోన్స్ పెట్టుకుంటానని, నాకు పొగరనుకుందట.

ఇంకొకటి అడగాలి. సెకండ్ హ్యాండ్ సైకిల్ ఎక్కడ దొరుకుతుంది? ఎంతలో కొనొచ్చు?

బోటనీ_అక్క:

చదువైపోయి వెళ్లేవాళ్లు మే, జూన్‌లో అమ్మేస్తారు, ఇప్పుడు కాస్త కష్టమే. హాస్టల్ నోటీస్ బోర్డూ, గ్రూపులూ చూస్తూ ఉండు. ధర తర్వాత, ముందు బ్రేకులు పట్టి చూడు, మన రోడ్లన్నీ ఎత్తుపల్లాలే. తాళం మాత్రం కొత్తది కొనుక్కో. మీ రూమ్మేట్‌కి సైకిల్ తొక్కడం వచ్చా?