నా గిబ్సన్ 175 గిటారు అమ్మేయాలా? ఆ బేస్‌మెంట్‌లో విన్న నాదం మా ఇంట్లో రావడం లేదు

ప్రశ్న (నోవై, మిషిగన్ నుంచి)

అందరికీ నమస్కారం. మూడు వారాల కిందట యాన్ ఆర్బర్‌లో ఒక పెద్దాయన దగ్గర గిబ్సన్ ఈఎస్-175 కొన్నాను. 1990లలో తయారైన గిటారు, రెండు హంబకర్లు (తీగల కంపనాన్ని పట్టే పికప్‌లు) ఉన్నాయి. ఆయన బేస్‌మెంట్‌లో పాత ఫెండర్ ప్రిన్స్‌టన్ ఆంప్‌కు పెట్టి వాయించాను. కింద మందపాటి కార్పెట్, గోడల నిండా పుస్తకాలు. ఒక్క కార్డ్ మీటగానే గుండ్రంగా, వెచ్చగా వచ్చిన ఆ శబ్దానికి ఇక కొనకుండా రాలేకపోయాను. ఏడాదిగా దాచుకున్న బోనస్ డబ్బు దానికే పోయింది.

ఇంటికి తెచ్చాక కథ మారిపోయింది. నా దగ్గర ఉన్నది నా స్ట్రాట్ (గట్టి చెక్క గిటారు) కోసం కొన్న ఫెండర్ ఆంప్, '65 డీలక్స్ రివర్బ్ రీఇష్యూ. హాల్లో ఒక మూల, టీవీ పక్కన నేల మీద ఉంటుంది. చెక్క ఫ్లోరు, ఒకవైపు మొత్తం అద్దాల తలుపు. పాప నిద్రపోయాకే వాయిస్తాను కాబట్టి వాల్యూమ్ రెండున్నర దాటదు. రివర్బ్ (ప్రతిధ్వని) కావాలి కాబట్టి వైబ్రాటో చానెల్‌లోనే పెడతాను. లావు తీగ మీద మూడో ఫ్రెట్ జి నొక్కితే చాలు, గది మొత్తం బుమ్మని మోగి, ఒక్కోసారి ఊళ మొదలవుతుంది. సన్న తీగలేమో రేకు మీద గోరు గీసినట్టు పలుచగా వస్తున్నాయి. తీగలు పాతవేమోనని నాకు అలవాటైన 10 సెట్ (సన్నవి) రౌండ్‌వౌండ్ (గరుకు చుట్టువి) వేశాను, తేడా ఏమీ లేదు, ఇంకా పలుచబడిందేమో కూడా.

ఇప్పుడు గిటారు అమ్మాలా, ఆంప్ మార్చాలా, స్పీకర్ మారిస్తే చాలా? రాత్రిళ్లు ఇదే టెన్షన్. ఇలాంటి ఆర్చ్‌టాప్ (పై పలక ఉబ్బెత్తుగా, లోపల బోలుగా ఉండే గిటారు) వాయించేవాళ్లు ఎవరైనా చెప్పండి.

సమాధానం 1 (డాలస్ నుంచి)

ట్యూబ్ ఆంప్ అమ్మేసి మంచి సాలిడ్ స్టేట్ ఆంప్ తీసుకోండి బ్రో. జాజ్ గిటారిస్టు జో పాస్ 175నే చాలా ఏళ్లు పాలిటోన్ ట్రాన్సిస్టర్ ఆంప్‌తో వాయించారు. తక్కువ వాల్యూమ్‌లో కూడా శుభ్రంగా ఉంటుంది, బరువు తక్కువ, ట్యూబులు మార్చే గొడవ లేదు.

సమాధానం 2 (కలమజూ, మిషిగన్ నుంచి)

ఏదీ అమ్మకండి తమ్ముడూ. మీ బాధకు కారణాలు మీ ప్రశ్నలోనే ఉన్నాయి.

మొదటిది తీగలు. ఆ పెద్దాయన గిటారులో ఏం తీగలున్నాయో మీరు చెప్పలేదు గానీ, విప్పినవి పారేయకపోతే వేలితో రాసి చూడండి. నున్నగా, గరుకు లేకుండా ఉంటే అవి ఫ్లాట్‌వౌండ్. నా అంచనా 12 సెట్, మీ 10 కన్నా లావువి. మీరు విన్న గుండ్రటి శబ్దంలో సగం అవే. స్ట్రాట్‌లో బ్రిడ్జ్ చెక్కకు స్క్రూలతో బిగించి ఉంటుంది. 175లో బ్రిడ్జ్ వీణ మీద గుర్రంలాగా పై పలక మీద ఊరికే కూర్చుని ఉంటుంది, తీగల బిగింపే దాన్ని కిందికి అదుముతుంది. 10 సెట్ వేస్తే ఆ అదుము తగ్గిపోయి పలక సరిగా కదలదు. సన్న తీగలు రేకులా వినిపిస్తున్నాయంటే ఇది ఒక కారణం. మళ్లీ 12 ఫ్లాట్‌వౌండ్ వేయండి. వేశాక పన్నెండో ఫ్రెట్ మీద హార్మోనిక్ (నొక్కకుండా తాకి మీటితే వచ్చే స్వరం), నొక్కిన స్వరం రెండూ ఒకే శ్రుతిలో ఉన్నాయా చూసుకోండి. తీగలన్నీ ఒకేసారి విప్పి ఉంటే బ్రిడ్జ్ తప్పకుండా జరిగి ఉంటుంది.

రెండోది చానెల్. డీలక్స్ రివర్బ్ వైబ్రాటో చానెల్‌లో వాల్యూమ్ నాబ్ మీద 47 పికోఫారడ్‌ల చిన్న కెపాసిటర్ ఒకటి ఉంటుంది. నాబ్ కిందికి ఉన్నప్పుడు అది ట్రెబుల్‌ను పక్కదారిన దాటించేస్తుంది, నాబ్ పెంచేకొద్దీ దాని ప్రభావం తగ్గుతుంది. స్ట్రాట్ వాళ్లకు ఆ మెరుపు ఇష్టం. మీరేమో రెండున్నర దగ్గర వాయిస్తున్నారు, అంటే అది బాగా పనిచేసే చోటే. నార్మల్ చానెల్‌లో అది లేదు. రివర్బ్ పోతుంది, పోనివ్వండి. బాస్ 2, ట్రెబుల్ 3 దగ్గర మొదలుపెట్టండి. ఈ ఆంప్‌కు మిడిల్ నాబ్ లేదు కాబట్టి ఆ రెండూ తగ్గించడమే మిడిల్ పెంచడం.

మూడోది ఆ మూల. రెండు గోడలు, నేల కలిసేచోట స్పీకర్ పెడితే బాస్ ఎక్కడికీ పోలేక పోగుపడుతుంది. ఆంప్‌ను గట్టి కుర్చీ ఎక్కించి, గోడకు మూడు నాలుగు అడుగులు ఇవతలికి లాగండి. ఇంకో లాభం కూడా ఉంది. పన్నెండంగుళాల స్పీకర్ ట్రెబుల్‌ను టార్చిలైటులా ఎదురుగా కొడుతుంది. నేల మీదుంటే అది మీ మోకాళ్లకు తగులుతుంది, చెవికి రాదు.

ఇక ఆ జి సంగతి. లావు తీగ మూడో ఫ్రెట్ జి అంటే 98 హెర్ట్జ్. ఆర్చ్‌టాప్ లోపలి గాలి, పై పలక తమంతట తాము మోగడానికి ఇష్టపడే చోటు ఆ చుట్టుపక్కలే ఉంటుంది. అది గిటారు లోపం కాదు, గిటారు బతికి ఉందని గుర్తు. నేను విజయనగరం సంగీత కళాశాలలో వీణ నేర్చుకున్నాను. మా గురువుగారు కొత్త వీణ వస్తే ముందు తీగ మీటేవారు కాదు. కుండ మీద చూపుడువేలి కణుపుతో తట్టి, చెవి ఆనించి, ఆ పనస చెక్క ఏ స్వరంలో పలుకుతుందో వినేవారు. మీరూ అలాగే ఆంప్ ఆపేసి 175ను ఒళ్లో పెట్టుకుని, ఎఫ్ హోల్ (పై పలకలో ఎఫ్ ఆకారపు రంధ్రం) పక్కన వేలితో తట్టి వినండి. ఆ స్వరమే మీ గదిలో ఊళ పెడుతుంది. ఆంప్‌కు ఎదురుగా కూర్చోకుండా పక్కకు తిరగండి, స్పీకర్‌కు గిటారుకు మధ్య మీ ఒళ్లు అడ్డం ఉండాలి.

ఈ ఊళ బెడదకు 175 చాలామటుకు మందు కూడా. గిబ్సన్ వాళ్ల పాత ఎల్-5 ఆర్చ్‌టాప్ లాంటివాటికి పై పలకను స్ప్రూస్ చెక్కలో చెక్కుతారు. 1949లో 175 వచ్చినప్పుడు దానికి మేపుల్ పొరలు అతికించిన పలక వేశారు, ధర 175 డాలర్లు. పొరల చెక్క అంటే చవకరకం అనుకుంటారు చాలామంది. నేను ఒప్పుకోను. ఆ పలక తక్కువగా కంపిస్తుంది కాబట్టే ఆంప్ పక్కన నిలబడగలుగుతుంది, స్వరం మొదట్లో వచ్చే ఆ ‘టుక్’మనే దెబ్బ కూడా దానివల్లే. జాజ్ గిటారిస్టు జిమ్ హాల్ 175ను గిబ్సన్ జీఏ-50 ట్యూబ్ ఆంప్‌తో వాయించారు. ఆ ఆంప్‌లో పన్నెండంగుళాల స్పీకర్ పక్కన ఎనిమిదంగుళాలది కూడా ఉంటుంది. డాలస్ తమ్ముడు జో పాస్ గురించి చెప్పింది నిజమే. కానీ మీరు ప్రేమించింది ప్రిన్స్‌టన్‌లో విన్న శబ్దాన్ని, అది ట్యూబ్ ఆంపే కదా.

స్పీకర్ గురించి అడిగారు. దీని మీద నేను ఒక ఆదివారం మొత్తం ఖర్చుపెట్టాను, అందుకని కొంచెం ఎక్కువ చెబుతాను. నా గిటారు హెరిటేజ్ హెచ్-575, చెక్కిన మేపుల్ పలకది. 1984లో గిబ్సన్ ఇక్కడి పార్సన్స్ వీధి ఫ్యాక్టరీ మూసేసి నాష్‌విల్ వెళ్లిపోతే, వెళ్లకుండా ఉండిపోయిన కొందరు మరుసటి ఏడాది అదే భవనంలో హెరిటేజ్ మొదలుపెట్టారు. మా ట్రియోలో బేస్ వాయించే ఆయన దగ్గర 175 ఉంది. రెండూ పక్కపక్కన పెట్టి, నా డీలక్స్ రివర్బ్‌కు మూడు స్పీకర్లు మార్చి విన్నాం. దాంతోనే వచ్చిన జెన్సెన్ సీ12కే, ఒక సెలెస్టియన్ గ్రీన్‌బ్యాక్, హెంప్ నార కోను ఉన్న ఎమినెన్స్ ఒకటి.

వాయిస్తూ పోలిస్తే మోసపోతాం. స్పీకర్ నచ్చితే చేతులు కూడా బాగా వాయిస్తాయి. అందుకని ఒక్కో గిటారుతో ఎనిమిది బార్లు లూపర్‌లో (వాయించింది మళ్లీ మళ్లీ వినిపించే పరికరం) ఎక్కించి, ఆ లూపే మూడింటిలోనూ వినిపించాం. నేను వీపు తిప్పి కూర్చున్నాను, మా ఆయన స్పీకర్లు మార్చారు, ఏది ఏదో చెప్పలేదు. ప్రతిసారీ మూడు మీటర్ల దూరంలో ఫోన్ మీటర్ 80 డెసిబెల్స్ చూపేలా వాల్యూమ్ సరిచేశారు. ఇది మరచిపోతే మిగతాదంతా వృథా. కొంచెం గట్టిగా ఉన్నదే బాగుందని చెవి తీర్పు చెప్పేస్తుంది, స్పీకర్‌కు స్పీకర్‌కు మధ్య మూడు డెసిబెల్స్ తేడా ఉంటే ఆంప్ పవర్ రెట్టింపు చేసినట్టే.

గిటారు మారినప్పుడు యాస మారినట్టు వినిపించింది. స్పీకర్ మారినప్పుడు మాట్లాడే మనిషే మారినట్టుంది. సీ12కే శుభ్రంగా ఉంది గానీ కింద ఉబ్బు, పైన మెరుపు, మధ్యలో పల్లం. గ్రీన్‌బ్యాక్‌లో మిడిల్ ముందుకొచ్చింది, కింది ఉబ్బు పోయింది, నాలుగు స్వరాల కార్డులో ప్రతి స్వరం విడిగా తెలిసింది. అది 25 వాట్ల స్పీకర్, ఆంప్ 22 వాట్లు, శుభ్రంగా వాయించేవాళ్లకు భయం లేదు. హెంప్ కోనులో పై అంచు మెత్తబడి, సన్న తీగలు గాజుగాజుగా కాకుండా తేనెలా వచ్చాయి. 175కు నేనైతే ఇదే వేస్తాను. హెరిటేజ్‌కు మాత్రం గ్రీన్‌బ్యాక్ ఉంచుకున్నాను.

మార్చేటప్పుడు జాగ్రత్త. ఆంప్ పూర్తిగా ఆపాకే వైరు తీయాలి, స్పీకర్ తగిలించకుండా ట్యూబ్ ఆంప్ ఎప్పుడూ ఆన్ చేయకూడదు, అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ పోతుంది. ఒక షాపువాళ్లు 8 ఓమ్‌లదని చెప్పి నాకు 16 ఓమ్‌ల స్పీకర్ అమ్మారు. ఆరు నెలలు ఆంప్ నీరసంగా ఉంటే ట్యూబులను తిట్టుకున్నాను. మల్టీమీటర్ పెడితే 8 ఓమ్‌ల స్పీకర్ 6, 7 మధ్య చూపాలి. నాది దాదాపు 13 చూపింది. కొనగానే కొలవండి.

కానీ స్పీకర్ ఆఖరున. ముందు తీగలు, చానెల్, కుర్చీ. ఒక్కోటి మార్చి రెండు రోజులు వినండి, అన్నీ ఒకేసారి మార్చితే ఏది బాగుచేసిందో తెలియదు.

సమాధానం 3 (విజయవాడ నుంచి)

అమ్మా, చాలా బాగా చెప్పారు. నేను గిటారు వాయించను గానీ, వాల్వు (మీరు ట్యూబ్ అనేది) రేడియోలు బాగుచేస్తూ ముప్పై ఏళ్లు గడిపాను. ఒక్క మాట చేర్చనివ్వండి. ఊళ వచ్చినప్పుడు గిటారు మీద వాల్యూమ్ పూర్తిగా తగ్గించి చూడమనండి. అప్పటికీ ఊళ ఆగకపోతే తప్పు గిటారుది కాదు, మీరు వాడే చానెల్‌లో మొదటి 12ఏఎక్స్7 వాల్వు మైక్రోఫోనిక్ (కదిలితేనే మైకులా మోగేది) అయి ఉంటుంది. పెన్సిల్ వెనకవైపుతో మెల్లగా తడితే స్పీకర్‌లో టంగుమని వినిపిస్తుంది. దాని బదులు 12ఏవై7 వేస్తే గెయిన్ సగం కన్నా తగ్గుతుంది, తక్కువ వాల్యూమ్‌లో నాబ్ తిప్పుకోవడానికి కొంచెం చోటు దొరుకుతుంది. వాల్వు మార్చడం వెనకనుంచి చేతికందే పనే, చల్లారాక చేయండి. ఛాసిస్ మాత్రం విప్పవద్దు బాబూ. లోపల 400 వోల్టుల పైనే ఉంటుంది, ప్లగ్ తీసినా కెపాసిటర్లలో నిలిచే ఉంటుంది.

ఎప్పుడైనా ఇండియా తెచ్చుకుంటే, అది 120 వోల్టులది. మన 230కి నేరుగా పెట్టకుండా 300 వాట్ల పైబడిన స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ వాడండి.

ప్రశ్న అడిగినవారు (పది రోజుల తర్వాత)

అక్కా, విజయవాడ బాబాయిగారూ, మీ ఇద్దరికీ చేతులెత్తి నమస్కారం.

పాత తీగలు గిటారు కేసు జేబులో దొరికాయి. నున్నగా ఉన్నాయి, 12 ఫ్లాట్‌వౌండే. అవే మళ్లీ వేద్దామనుకున్నాను గానీ ఒకటి మెలి తిరిగిపోయింది, కొత్త సెట్ తెప్పించాను. బ్రిడ్జ్ నిజంగానే జరిగి ఉంది, లావు తీగవైపు ఒక అగ్గిపుల్ల మందం. సరిచేశాక కార్డులు శ్రుతిలో నిలబడ్డాయి. ఇన్నాళ్లూ బురదలా వినిపించినదాంట్లో అపశ్రుతి కూడా కలిసి ఉందని అప్పుడు తెలిసింది.

రెండు రోజుల తర్వాత నార్మల్ చానెల్‌కు మారాను, రేకు చప్పుడు పోయింది. ఆ తర్వాత డైనింగ్ కుర్చీ మీదికి ఎక్కించాను. జి ఇంకా మిగతా స్వరాలకంటే కొంచెం లావుగానే ఉంది, ఊళ మాత్రం రాలేదు. వేలితో తట్టి విన్నాను అక్కా, జి కాదు, జి షార్ప్‌కు దగ్గరగా ఉంది. కుర్చీ ఎక్కించకముందే గిటారు మీద వాల్యూమ్ తగ్గిస్తే ఊళ ఆగిపోయేది కాబట్టి వాల్వు బాగానే ఉన్నట్టుంది.

నిన్న రాత్రి తొమ్మిదిన్నర నుంచి పదకొండున్నర దాకా వాయించాను. మా ఆవిడ లోపలినుంచి వచ్చి ఇది కొత్త ఆంపా అని అడిగింది.

బేస్‌మెంట్ సౌండ్ దగ్గరికి వచ్చాను గానీ ఇంకా కొంచెం ఉంది. ఆ హెంప్ కోను స్పీకర్ ఒకసారి వినాలనుంది. మీకు అభ్యంతరం లేకపోతే శనివారం నా 175 తీసుకుని కలమజూ రావచ్చా? రెండు గంటల దారే.

సమాధానం (కలమజూ నుంచి)

తప్పకుండా రండి, మీ ఆవిడను, పాపను కూడా తీసుకురమ్మని చెప్పమంటున్నారు మా ఆయన. భోజనం ఇక్కడే. స్పీకర్లు మూడూ విడి డబ్బాల్లో సిద్ధంగా ఉన్నాయి, మీ ఆంప్ కూడా తెచ్చుకుంటే లూపర్‌తో వినేద్దాం.

చలి మొదలైంది కాబట్టి ఒక మాట. గిటారు కేసు వెనక సీట్లో పెట్టండి, ట్రంకులో వద్దు. నా మొదటి మిషిగన్ చలికాలంలో హీటర్ గాలికి వీణ మెట్ల కింద మైనం పగుళ్లిచ్చి నాలుగు మెట్లు లేచిపోయాయి. అప్పటినుంచి ఇంట్లో తేమ 45 శాతం తగ్గనివ్వను. మీ 175 మీద ఉన్నది నైట్రో లాకర్ పూత, చలిలోంచి వెచ్చటి గదిలోకి ఒక్కసారిగా వస్తే సన్నటి గీతలు పడుతుంది. మా ఇంటికి రాగానే కేసు తెరవకండి. ముందు భోజనం చేద్దాం, ఆ గంటలో అది గది వేడికి వచ్చేస్తుంది.