ఆన్‌లైన్లో కొన్న కుక్కర్ నకిలీదైతే కేసు ఎవరి మీద వేయాలి?

కొర్లగుంట, తిరుపతి
పేరున్న కంపెనీది 5 లీటర్ల ప్రెషర్ కుక్కర్, రూ.1,890. విజిల్ రాకముందే మూత అంచు నుంచి ఆవిరి పోతోంది. కంపెనీ సర్వీస్ సెంటర్లో చూసి ఇది మా మాలు కాదన్నారు, రాసి మాత్రం ఇవ్వలేదు. సైటు వాళ్లేమో 'మేం మధ్యవర్తులం, రిటర్న్ గడువు కూడా అయిపోయింది, సెల్లర్‌ని అడగండి' అంటున్నారు. సెల్లర్ ఢిల్లీ, ఫోన్ ఎత్తడు. ఢిల్లీ పోయి కేసు వేయాల్నా?

గ్రీంస్‌పేట, చిత్తూరు
అక్కర్లేదన్నా. 2019 వినియోగదారుల చట్టం సెక్షన్ 34 ప్రకారం మీరు ఉండే ఊళ్లోనే వేయచ్చు, తిరుపతిలోనే జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది. కొన్న ధర 5 లక్షల లోపైతే ఫీజు లేదు, కేసు వేయడానికి గడువు రెండేళ్లు. ఈ-జాగృతి అనే ప్రభుత్వ పోర్టల్లో ఫిర్యాదు ఇంటి నుంచే పంపచ్చు.

ముందు ఆ కుక్కర్ వాడటం ఆపేయండి, ప్రమాదం. రబ్బరు, సేఫ్టీ వాల్వ్ ఏవీ మార్చొద్దు. మార్చితే 'కొనుక్కున్నాయనే పాడు చేశాడు' అంటారు. కమిషన్ ల్యాబుకు పంపాలన్నా వచ్చిన వస్తువు వచ్చినట్టే ఉండాల. అట్టపెట్టె, దాని మీది లేబుల్, ఇన్వాయిస్ పారేయకండి.

తర్వాత ఐఎస్ఐ గుర్తు చూడండి. పైన ఐఎస్ 2347 (కుక్కర్ల ప్రమాణం నంబరు), కింద సీఎం/ఎల్ అని లైసెన్స్ నంబరు ఉంటుంది. ఆ లైసెన్స్ నంబరు బీఐఎస్ (ఐఎస్ఐ గుర్తు ఇచ్చే ప్రభుత్వ సంస్థ) కేర్ యాప్‌లో కొట్టండి. వేరే కంపెనీ పేరు వచ్చినా, అసలేమీ రాకపోయినా స్క్రీన్‌షాట్ తీసుకుని ఆ యాప్‌లోనే ఫిర్యాదు పెట్టండి. కుక్కర్లకు ఐఎస్ఐ తప్పనిసరి.

భవానీనగర్, తిరుపతి
'మధ్యవర్తులం' అన్న మాటకు లొంగొద్దండి. ఐటీ చట్టం సెక్షన్ 79 మధ్యవర్తులకిచ్చే రక్షణ షరతులతో కూడింది. తగిన జాగ్రత్త తీసుకోకపోయినా, తప్పుడు సరుకని తెలిసీ తీసేయకపోయినా అది నిలవదు. గోడౌన్లో పెట్టి, ప్యాక్ చేసి పంపే సైటు ఉత్త మధ్యవర్తేనా అన్నదాని మీద ఢిల్లీ హైకోర్టులోనే రెండు మాటలున్నాయి: 2018లో చెప్పుల కంపెనీ లూబుటాన్ కేసు తీర్పు ఒకలా, 2020లో ఆమ్వే కంపెనీ కేసులో డివిజన్ బెంచ్ (ఇద్దరు జడ్జీలు) ఇంకోలా. కాబట్టి ఆ ఒక్క వాదన మీదే ఆధారపడకండి.

2020 ఈ-కామర్స్ నిబంధనలు మీకు ఎక్కువ పనికొస్తాయి. సైటులో ఫిర్యాదులు చూసే గ్రీవెన్స్ ఆఫీసర్‌కు మెయిల్ పెట్టండి. 48 గంటల్లో అందినట్టు చెప్పాలి, నెలలో పరిష్కరించాలి. అదే మెయిల్లో సెల్లర్ పూర్తి చిరునామా రాతపూర్వకంగా అడగండి, ఇవ్వడం వాళ్ల బాధ్యత. జవాబు రాకపోతే అదే సేవాలోపానికి మీ ఆధారం. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి కూడా ఫిర్యాదు చేసి, వాళ్లిచ్చే డాకెట్ (ఫిర్యాదు) నంబరు దాచుకోండి.

2022లో ఐఎస్ఐ లేని 2,265 కుక్కర్ల విషయంలో అమెజాన్‌కు సీసీపీఏ (కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ) లక్ష రూపాయల జరిమానా వేసింది. ప్రతి అమ్మకం మీదా ఫీజు తీసుకుంటూ, సమస్య వస్తే మాకు సంబంధం లేదనడం కుదరదంది. అది నకిలీ బ్రాండు కేసు కాదు గానీ ఫిర్యాదులో రాయదగ్గ మాట.

కొర్లగుంట, తిరుపతి
సర్వీస్ సెంటర్ రాసివ్వకపోతే ఎట్లా?

గ్రీంస్‌పేట, చిత్తూరు
కంపెనీ హెడ్డాఫీసుకు సీరియల్ నంబరు, అడుగు మీది ముద్ర, లేబుల్ ఫొటోలు పంపి 'ఇది మీరు చేసిందేనా' అని ఒకే ప్రశ్న అడగండి. కాదని మెయిల్ వస్తే చాలు. కేసులో సైటునీ సెల్లర్నీ ఇద్దరినీ చేర్చండి. సెల్లర్ ఒక్కడినే పెడితే నోటీసు 'చిరునామాలో లేరు' అని తిరిగొచ్చి అక్కడే ఆగిపోతుంది.