బ్రాడ్‌లా చేసింది రాజీయేనా?

కృష్ణాతీరం:
చార్లెస్ బ్రాడ్‌లా పేరుమోసిన నాస్తికుడు. 1880లో నార్తాంప్టన్ నుంచి బ్రిటిష్ పార్లమెంటుకు గెలిచారు. సభలో కూర్చోవాలంటే ముందు దేవుడి పేరిట ప్రమాణం చేయాలి. ఆయన దేవుడి పేరెత్తకుండా మనస్సాక్షిగా మాట ఇస్తానని అడిగారు. సభా సంఘం కుదరదంది. వెంటనే, అయితే ప్రమాణమే చేస్తానన్నారు! పైగా అందులో కొన్ని మాటలకు తన వరకు అర్థమే లేదని పత్రికకు ఉత్తరం రాశారు. సీటు కోసం సిద్ధాంతం వదిలేశారనే నేనంటాను.

ఓరుగల్లు పాఠకుడు:
ఆ ఉత్తరం ఆయనకు చాలా చేటు చేసింది, నిజమే. కానీ సీటు కోసమే అయితే మొదటిరోజే నలుగురితోపాటు ప్రమాణం చేసి కూర్చునేవారు కదండీ! ఎవరూ ఆపేవారు కాదు. ప్రమాణంలోని అక్షరాలకు కాకపోయినా, మనస్సాక్షిగా ఇచ్చే మాటలోని స్ఫూర్తికి తాను కట్టుబడి ఉంటానని కూడా అదే ఉత్తరంలో రాశారు. మీరు అది చెప్పలేదు.

తర్వాత ఎంత అనుభవించారో చూడండి. సభలోంచి కదలనన్నందుకు బిగ్ బెన్ గోపురంలో ఒక రాత్రి బంధించారు. 1881 ఆగస్టులో పోలీసులు బయటికి ఈడ్చేశారు. సీటు ఖాళీ అయిందన్న ప్రతిసారీ, 1881, 1882, 1884 ఉప ఎన్నికల్లో, నార్తాంప్టన్ జనం మళ్లీ ఆయన్నే గెలిపించారు. అప్పట్లో చెప్పులు, బూట్లు కుట్టి బతికిన ఊరది. వాళ్ల ఓటును సభ గడపలోనే చెల్లదంటే ఆయన ఇంట్లో కూర్చోవాలా? నాకైతే ఆ కోపం ఇప్పటికీ తగ్గదు.

దక్కన్ చదువరి:
మధ్యలో వస్తున్నాను. 1883లో ప్రధాని గ్లాడ్‌స్టన్ ప్రభుత్వం ఇలాంటివారు ప్రమాణం బదులు మాట ఇచ్చేలా బిల్లు తెచ్చింది. మూడు ఓట్ల తేడాతో వీగిపోయింది. చట్టం మారేదాకా ఆగమనడం తేలికే, మార్చాల్సిన సభే ఒప్పుకోనప్పుడు ఎన్నాళ్లాగుతారు?

కృష్ణాతీరం:
ఆయన ధైర్యాన్ని నేను కాదనలేదండీ. కానీ 1886లో కొత్త స్పీకర్ అడ్డుపడకపోవడంతో చివరికి ఆ ప్రమాణమే చేసి కూర్చున్నారు. నమ్మని మాట పలికి లోపలికెళ్లడాన్ని ఏమనాలి?

ఓరుగల్లు పాఠకుడు:
లోపలికెళ్లి ఏం చేశారో కూడా చూడాలి. ప్రమాణం బదులు మనస్సాక్షిగా మాట ఇచ్చే హక్కు అందరికీ కల్పించే చట్టాన్ని 1888లో తెచ్చింది ఆయనే. 1889లో బొంబాయి కాంగ్రెస్ సభకు వచ్చి, మరుసటి ఏడాది మన శాసనమండళ్ల సంస్కరణకు బిల్లు పెట్టారు. 1891లో ఆయన పోతే, లండన్‌లో చదువుకుంటున్న గాంధీ అంత్యక్రియలకు వెళ్లారు. ఆయన బయటే నిలబడి ఉంటే 1888 చట్టం ఎవరు తెచ్చేవారో మీరే చెప్పండి.