ఏరియాలో పొగ, మనుషుల స్థాయి, ఊపిరితిత్తుల క్యాన్సర్: తప్పు అంతా సిగరెట్‌దేనా?

సందేహి

నమస్తే అండీ. పబ్లిక్ హెల్త్‌లో పీజీ చేస్తున్నాను, ప్రాజెక్టు దగ్గర ఇరుక్కుపోయాను. నగరాన్ని చిన్న చిన్న ఏరియాలుగా విడగొట్టి, ఒక్కో చోట నూటికి ఎంతమంది పొగ తాగుతారు, అక్కడివాళ్ళ స్థాయి ఏమిటి (చదువు, ఉద్యోగం, ఆదాయం, ఇల్లు ఎంత ఇరుకు, ఇవన్నీ కలిపి ఒక స్కోరు), ఊపిరితిత్తుల క్యాన్సర్‌తో ఎంతమంది పోయారు అనేవి పక్కపక్కన పెట్టాను. స్కోరు ఒక్కటే పెట్టి చూస్తే గీత గీసినట్టు ఉంది, స్థాయి దిగేకొద్దీ చావులు పెరుగుతున్నాయి. అదే లెక్కల మోడల్‌లో పొగతాగేవాళ్ళ శాతం కూడా చేర్చగానే స్థాయి ప్రభావం బాగా పడిపోయింది. పూర్తిగా పోలేదు, కొంత మిగిలింది. మా గైడ్ చూసి "ఇంకేముంది, అంతా సిగరెట్టే, క్లాస్ ఏమీ లేదు, అలాగే రాసెయ్" అన్నారు.

నాకు మనసొప్పడం లేదు. మా నాన్న ఈ జబ్బుతోనే పోయారు, 58 ఏళ్ళకి. సిగరెట్లు కాల్చేవారు, కాదనను. కానీ ఆస్పత్రిలో అడుగుపెట్టినప్పటి నుంచి ప్రతివాళ్ళూ "రోజుకి ఎన్ని?" అని అడిగారే తప్ప, ఏం పని చేసేవారు, ఎక్కడ ఉండేవారు అని ఒక్కరూ అడగలేదు. ఆయన ఫ్యాక్టరీలో బాయిలర్ పైపులకి వేడి బయటికి పోకుండా తొడుగు చుట్టే పని చేసేవారు, 20 ఏళ్ళకి పైనే. ఆ ఫ్యాక్టరీ చుట్టుపక్కల ఉన్న ఇళ్ళలో మగవాళ్ళందరూ కాల్చేవాళ్ళే.

నా ప్రశ్న ఇది: పొగ లెక్కలోకి రాగానే క్లాస్ (అంటే మనుషుల స్థాయి) ప్రభావం తగ్గిపోయింది కాబట్టి క్లాస్‌కి సంబంధం లేదని రాయొచ్చా?

పాత లెక్కలు

రాయకూడదండీ. మీ గైడ్ గారి మీద గౌరవంతోనే చెబుతున్నా, ఇది చాలామంది పడే పొరపాటే.

ఒకటి గుర్తుపెట్టుకోండి. మోడల్‌లో ఒకదాన్ని చేర్చినప్పుడు ఇంకోటి తగ్గిందంటే రెండు రకాలుగా జరిగి ఉండొచ్చు. ఆ రెండోదానికి అసలు సంబంధమే లేక, మొదటిదాని పక్కన ఉండి కనిపించి ఉండొచ్చు. లేదా అది మొదటిదాని ద్వారానే పనిచేస్తూ ఉండొచ్చు. ఇక్కడ జరుగుతున్నది ఈ రెండో రకం. తక్కువ ఆదాయం, చిన్న వయసులో పనిలోకి దిగడం, చుట్టూ అందరూ కాల్చడం, వీటివల్ల మనిషికి సిగరెట్ అలవాటవుతుంది, సిగరెట్ వల్ల క్యాన్సర్ వస్తుంది. సిగరెట్ ఇక్కడ మధ్యలో ఉన్న మెట్టు. మధ్య మెట్టుని కదలకుండా పట్టుకుని "పై మెట్టు నుంచి ఏమీ రావడం లేదే" అంటే ఎలా? మీకు మిగిలిన ఆ కొంచెం, సిగరెట్ దారిలో కాకుండా వేరే దారుల్లో వచ్చేది. పడిపోయిన భాగం కూడా చాలావరకు క్లాస్‌దే, సిగరెట్ దారిలో వచ్చింది.

2006లో ప్రభాత్ ఝా, రిచర్డ్ పీటో తదితర పరిశోధకులు ఇంగ్లండ్-వేల్స్, పోలండ్, అమెరికా, కెనడా లెక్కలు తీసి, 35 నుంచి 69 ఏళ్ళ మగవాళ్ళ మరణాల్లో పై స్థాయికీ కింది స్థాయికీ ఉన్న తేడాలో సగానికి పైగా పొగ వల్లే అని చూపించారు. (అది అన్ని మరణాలూ కలిపిన లెక్క, ఊపిరితిత్తుల క్యాన్సర్ ఒక్కదానిది కాదు.) దాన్ని చదివి "చూశారా, క్లాస్ కాదు, సిగరెట్" అన్నవాళ్ళున్నారు. నాకు మాత్రం క్లాస్ మనిషిని ఏ దారిలో చంపుతుందో చూపించిన పేపర్‌లా అనిపిస్తుంది.

చరిత్ర చూసినా ఇదే తెలుస్తుంది. 1948లో బ్రిటన్‌లో మగవాళ్ళు నూటికి 80 మందికి పైగా ఏదో ఒక రూపంలో పొగ తాగేవాళ్ళే, అందులో దొరా కూలీ తేడా పెద్దగా లేదు. 1950లో డాల్, హిల్ అనే బ్రిటిష్ పరిశోధకులు సిగరెట్‌కీ ఈ క్యాన్సర్‌కీ ఉన్న సంబంధం బయటపెట్టాక మానేయడం ఎవరు మొదలుపెట్టారు? చదువుకున్నవాళ్ళు, ముందుగా డాక్టర్లే. కింద ఉన్నవాళ్ళ దాకా ఆ మానడం రావడానికి దశాబ్దాలు పట్టింది, ఇంకా పూర్తిగా రాలేదు. సిగరెట్ అదే సిగరెట్. దాన్ని వదిలించుకునే వీలు మాత్రం అందరికీ ఒకేలా లేదు.

ఇంకో రెండు జాగ్రత్తలు, ఇవి మీ రిపోర్టులో తప్పక ఉండాలి. మీ దగ్గరున్నవి ఏరియా సగటులు, మనుషుల వివరాలు కావు. పొగ ఎక్కువున్న ఏరియాలో చావులు ఎక్కువుంటే, చనిపోయినవాళ్ళే కాల్చారని మీ డేటా చెప్పదు. రాబిన్‌సన్ అనే సామాజిక శాస్త్రవేత్త 1950లోనే ఈ బోల్తా గురించి హెచ్చరించారు. ఇక రెండోది కాలం. ఈ క్యాన్సర్ తయారవడానికి 20, 30 ఏళ్ళు పడుతుంది. మీరు ఈ ఏటి పొగ శాతాన్ని ఈ ఏటి చావుల పక్కన పెట్టారా? అలాగైతే ఆ రెండూ ఒకే మనుషులవి కాకపోవచ్చు. వీలైతే 20 ఏళ్ళ కిందటి సర్వే వెతకండి.

ఎదురుగాలి

నాదో మాట. ఎవరికీ కోపం రాకూడదు. నేను, మా అన్నయ్య ఒకే ఇంట్లో పెరిగాం, ఒకే వీధి, ఒకే బడి. వాడు 14 ఏళ్ళకే మొదలుపెట్టాడు, నేను ఇప్పటిదాకా ముట్టలేదు. మరి ఏరియా, క్లాస్ అంటే నేనూ కాల్చాలి కదా? ప్రతిదానికీ పరిస్థితుల్ని అంటే మనిషి బాధ్యత ఏమైపోవాలి? పొగతాగేవాళ్ళకి ఈ క్యాన్సర్ రావడం తాగనివాళ్ళ కంటే 15 నుంచి 30 రెట్లు ఎక్కువ అంటారు. ఇంత పెద్ద సంఖ్య కళ్ళ ముందు ఉండగా వేరే కారణాలు వెతకడం నాకు అర్థం కావట్లేదు.

రాత్రి డ్యూటీ

@ఎదురుగాలి, మీరు ముట్టకపోవడం నిజంగా గొప్ప సంగతి, మీ అన్నయ్యకీ మానే రోజు రావాలని కోరుకుంటున్నా. నేను ఛాతీ వార్డులో నర్సుని, 11 ఏళ్ళుగా. మీరు చెప్పిన సంఖ్య తప్పని ఎవరూ అనరు. కానీ ఆ మంచాల మీద ఉన్నవాళ్ళని దగ్గర్నుంచి చూస్తే ఆ సంఖ్య ఒక్కటే సరిపోదు.

డాక్టర్ గారు రౌండ్స్‌కి వస్తున్నారనగానే చేతులు దుప్పటి కిందికి లాక్కునేవాళ్ళని చాలామందిని చూశాను. చూపుడువేలు, మధ్యవేలు పసుపు తిరిగిపోయి ఉంటాయి కదా, అవి కనబడకూడదని. ఒకాయనైతే సబ్బుతో, సున్నపురాయితో రుద్ది రుద్ది వేలి చర్మం లేపుకున్నాడు. "నేను చేసుకున్నదే కదమ్మా" అనేవాడు. ఆ సిగ్గుతోనే దగ్గు మొదలైన 8 నెలల దాకా ఎవరికీ చెప్పలేదు. దగ్గు వస్తే పొగతాగేవాడి దగ్గేలే అని వాళ్ళే సర్దిచెప్పుకుంటారు, ఇంట్లోవాళ్ళూ అంతే. పైగా ఒకరోజు ఆస్పత్రికి రావడమంటే ఒకరోజు కూలి పోవడం. ఎక్స్‌రేకి ఒకరోజు, సీటీకి ఒకరోజు, ముక్క తీసి పరీక్షకి పంపడానికి ఇంకోరోజు. మా దగ్గరికి వచ్చేసరికి ఆపరేషన్ చేసే దశ దాటిపోయి ఉంటుంది. ఇంకో బాధ ఏమిటంటే, కింది స్థాయివాళ్ళకి ఆపరేషన్ జరిగే అవకాశమే తక్కువని చాలా దేశాల అధ్యయనాలు చూపించాయి. అంటే జబ్బు రావడంలోనే కాదు, వచ్చాక బతకడంలో కూడా తేడా ఉంది. మీ ప్రాజెక్టులో ఉన్నవి చావులు కదా, అందులో ఈ ఆలస్యం కూడా కలిసిపోయి ఉంటుంది. కొత్తగా జబ్బు తేలినవాళ్ళ లెక్క దొరికితే దాన్ని విడిగా చూడండి.

మానడం గురించి కూడా చెప్పాలి. మానాలని ప్రయత్నించేవాళ్ళు పేదల్లో తక్కువేమీ లేరు. ప్రయత్నం నిలబడేవాళ్ళు తక్కువ. ఒకటే సిగరెట్ అయినా పేదవాళ్ళు గట్టిగా, లోతుగా పీల్చి ఎక్కువ నికోటిన్ లాక్కుంటారని రక్తం, లాలాజలం పరీక్షల్లోనే తేలింది. మానేసి ఇంటికెళ్తే గుమ్మం దగ్గర ముగ్గురు కాలుస్తూ ఉంటారు, పనిలో విరామం అంటే నలుగురు బయటికెళ్ళి వెలిగించుకోవడమే. మానినవాడు ఒంటరైపోతాడు. నేను చూసినవాళ్ళలో మానేసి నిలబడినవాళ్ళలో ఎక్కువమంది ఇల్లో, పనో మారినవాళ్ళే.

మూడో అంతస్తు

నేను లెక్కలమనిషిని కాదు. కాల్చనివాళ్ళ తరఫున మాట్లాడదామని వచ్చాను.

మాది ఇరుకు బిల్డింగ్. కింద రెండు అంతస్తుల్లో కాలుస్తారు, పొగ మెట్ల మీదుగా పైకి వచ్చి తలుపు కింద సందులోంచి లోపలికొస్తుంది. రాత్రి పడుకునేముందు తడి తువ్వాలు మడిచి ఆ సందులో పెడతాను, తెల్లారేసరికి అది ఎండిపోయి వాసన కొడుతూ ఉంటుంది. మా పాప స్కూల్ బ్యాగ్ తెరిస్తే అదే వాసన. టీచర్ ఒకసారి "ఇంట్లో ఎవరు కాలుస్తారు?" అని పాపని అడిగారట. మా ఇంట్లో ఎవరూ కాల్చరు.

దూరంగా ఉండే ఇల్లు, గాలి ఆడే ఇల్లు తీసుకోగలిగితే ఈపాటికి తీసుకునేదాన్ని. అది క్లాస్ కాకపోతే ఇంకేమిటండీ? @ఎదురుగాలి, మీరు కాల్చకపోయినా మీ అన్నయ్య పక్కన పెరిగారు, మీరు పీల్చింది ఏ లెక్కలోనూ ఉండదు.

పాత లెక్కలు

@మూడో అంతస్తు మంచి పాయింట్ తెచ్చారు. జపాన్‌లో హిరయామా అనే పరిశోధకుడు 91,540 మంది పొగతాగని భార్యల్ని 14 ఏళ్ళు గమనించి 1981లో ప్రచురించారు. భర్త రోజుకి 20 లేదా అంతకు పైగా కాల్చే ఇళ్ళలో భార్యకి ఊపిరితిత్తుల క్యాన్సర్ ముప్పు దాదాపు రెట్టింపు. సిగరెట్ కంపెనీలు దానిమీద ఎన్నో వాదనలు పెట్టాయి, అయినా నిలబడింది. 2006లో అమెరికా సర్జన్ జనరల్ (అక్కడి ప్రభుత్వ ప్రధాన ఆరోగ్యాధికారి) రిపోర్టు, ఇంట్లోనో పనిచేసే చోటో పక్కవాళ్ళ పొగ పీల్చేవాళ్ళకి ముప్పు 20 నుంచి 30 శాతం పెరుగుతుందని, ఇంతవరకు పీలిస్తే ఫరవాలేదు అనే హద్దు లేదని తేల్చింది. కాబట్టి @సందేహి, మీ ఏరియా పొగ శాతం రెండు పనులు చేస్తోంది: అక్కడివాళ్ళు ఎంత కాలుస్తున్నారో చెబుతోంది, కాల్చనివాళ్ళు ఎంత పీలుస్తున్నారో కూడా కొంత చెబుతోంది. ఏరియా లెక్కకి ఉన్న బలం ఇదే.

@ఎదురుగాలి, మీ ఇద్దరి మధ్య తేడా ఎందుకొచ్చింది అనేది ఒక ప్రశ్న. మీ వీధిలో 14 ఏళ్ళకే మొదలుపెట్టే పిల్లలు ఇంకో వీధిలోకంటే ఎందుకెక్కువ అనేది వేరే ప్రశ్న. జెఫ్రీ రోజ్ అనే ఎపిడెమియాలజిస్ట్ (జనంలో జబ్బులు ఎందుకు, ఎలా వస్తాయో చూసే పరిశోధకుడు) 1985లో దీన్నే ఇంకోలా చెప్పారు: అందరూ రోజుకి 20 సిగరెట్లు కాల్చే చోట పరిశోధన చేస్తే, ఊపిరితిత్తుల క్యాన్సర్ వంశపారంపర్యం అని తేలుతుంది. ఎందుకంటే సిగరెట్ అందరిలోనూ ఉంది కాబట్టి తేడాగా కనబడదు.

ఎదురుగాలి

ఇలా ఎప్పుడూ ఆలోచించలేదండీ. మా వీధి కుర్రాళ్ళని తలచుకుంటే నాతోపాటు మొదలుపెట్టనివాళ్ళు ఇద్దరే గుర్తొస్తున్నారు. అయినా మానాల్సింది వాడే, ఆ మాట వెనక్కి తీసుకోను. అన్నయ్యతో మాట్లాడతాను. ఇప్పుడు మానితే ఉపయోగం ఉంటుందా?

రాత్రి డ్యూటీ

ఎప్పుడు మానినా ఉంటుంది. 10, 15 ఏళ్ళు నిలబడితే ఈ క్యాన్సర్ ముప్పు ఇంకా కాలుస్తున్నవాళ్ళతో పోలిస్తే దాదాపు సగానికి పడిపోతుంది. 50 దాటి, చాలా ఏళ్ళు గట్టిగా కాల్చిన మనిషైతే తక్కువ రేడియేషన్ సీటీ స్కాన్ గురించి డాక్టర్‌ని అడగమనండి. ఎక్స్‌రేతో పోలిస్తే దానివల్ల ఈ క్యాన్సర్ చావులు 20 శాతం తగ్గాయని 2011లో అమెరికా ట్రయల్‌లో తేలింది. తిట్టకుండా చెప్పండి.

@సందేహి, మీ నాన్నగారి పని గురించి రాసింది రెండుమూడు సార్లు చదివాను. బాయిలర్ పైపులకి చుట్టేది ఏమిటో గుర్తుందా? తెల్లగా, పీచులా ఉండేదా?

సందేహి

అందరికీ చాలా థ్యాంక్సండీ. మోడల్‌ని మార్చి రాస్తున్నాను, 20 ఏళ్ళ కిందటి సర్వే కోసం అడిగాను కూడా. గైడ్‌కి ఈ మెట్టు సంగతి చెబితే కాసేపు ఏమీ అనలేదు, తర్వాత "రాసి తీసుకురా, చూద్దాం" అన్నారు.

నాన్న పని గురించి నాకు సరిగ్గా తెలియదు, రాత్రి అమ్మని అడిగాను. తెల్లటి పీచేనట. చొక్కా మీద, కనుబొమల మీద పిండి రాలినట్టు ఉండేదట. లోపలికి రాకముందే గుమ్మం బయట దులుపుకునేవారు, అమ్మ ఆ బట్టల్ని మిగతావాటితో కలపకుండా విడిగా, చేత్తో ఉతికేదట. ఆస్బెస్టాసేనా (వేడిని ఆపడానికి వాడే పీచు ఖనిజం)?

రాత్రి డ్యూటీ

పాత బాయిలర్ పైపులకి చుట్టింది చాలాచోట్ల అదే. ఆస్బెస్టాస్ పీల్చే పనివాళ్ళలో ఊపిరితిత్తుల క్యాన్సర్ ఎక్కువని డాల్ 1955లోనే చూపించారు. సరిగ్గా మీ నాన్నగారిలా పైపులకి తొడుగు చుట్టేవాళ్ళ మీద అమెరికాలో సెలికాఫ్ వాళ్ళు చేసిన అధ్యయనం 1979లో వచ్చింది. రెండూ లేనివాళ్ళతో పోలిస్తే, ఆ పని మాత్రమే ఉంటే 5 రెట్లు, సిగరెట్ మాత్రమే ఉంటే దాదాపు 11 రెట్లు, రెండూ కలిస్తే 50 రెట్లకి పైగా. "రోజుకి ఎన్ని?" అని మాత్రమే అడగడం వల్ల ఇందులో సగం కథే ఫైల్‌లోకి వెళ్ళింది.

ఇప్పుడు అసలు సంగతి. ఆ బట్టలు దులిపి ఉతికిన ఆడవాళ్ళకి కూడా 30, 40 ఏళ్ళ తర్వాత ఊపిరితిత్తుల చుట్టూ ఉండే పొరకి వచ్చే క్యాన్సర్ వచ్చిన కేసులున్నాయి. అందరికీ రాదు, భయపడకండి. కానీ అమ్మగారికి ఆయాసం, తగ్గని దగ్గు, ఒకవైపు ఛాతీనొప్పి ఏమైనా ఉన్నాయా? లేకపోయినా ఛాతీ డాక్టర్‌కి ఒకసారి చూపించి, ఈ బట్టల సంగతి మీరే ముందు చెప్పండి. వాళ్ళు అడిగేదాకా ఆగకండి.

సందేహి

మెట్లెక్కితే మధ్యలో ఆగుతోంది, ఏడాదిగా. వయసు అనుకున్నాం. గురువారం తీసుకెళ్తున్నాను. నాన్న ఆ ఫ్యాక్టరీలో ఏ ఏడాది నుంచి ఏ ఏడాది దాకా చేశారో, అమ్మ ఎన్నేళ్ళు ఆ బట్టలు ఉతికిందో ఒక కాగితం మీద రాసి పెట్టుకున్నాను.