చట్టం, అసమానతల మీద పరిశోధన: మనవాళ్ళతో ఎలా మాట్లాడాలి?

ప్రశ్న (లీడ్స్ నుంచి): అందరికీ నమస్కారం. కొత్తగా పీహెచ్‌డీలో చేరాను. బ్రిటన్‌లో అద్దె ఇళ్ళలో ఉంటూ చిన్న ఉద్యోగాలు చేసే మన విద్యార్థులకి తమ హక్కులు ఎంతవరకు తెలుసన్నది నా అంశం. ఇంటర్వ్యూలకి మనుషులు ఎలా దొరుకుతారో చెప్పగలరా?

లెస్టర్ నుంచి: చెల్లెమ్మా, ముందు నీ ఇంటి సంగతి చూసుకో. డిపాజిట్ కట్టావా? ఇంగ్లండులో ఓనరు దాన్ని 30 రోజుల్లోపు ప్రభుత్వం గుర్తించిన స్కీములో పెట్టి, ఆ వివరాలు నీకు రాసివ్వాలి. మా ఓనరు వంటగది గోడ మీద చెమ్మ మరక చూపించి డిపాజిట్ అంతా పట్టేసుకున్నాడు. దిగినరోజు తీసిన ఫోటోలోనే ఉంది ఆ మరక! ఏ స్కీములో పెట్టావంటే ఫోన్ ఎత్తడం మానేశాడు. అసలు ఎక్కడా పెట్టలేదు. పెట్టకపోతే కోర్టు డిపాజిట్‌కి ఒకటి నుంచి మూడు రెట్లు ఇప్పించవచ్చని ఇంట్లో నలుగురికీ తెలుసు. ఎవరి కాంట్రాక్టు వాళ్ళదే. అయినా వీసాకి ఏమవుతుందోనని ముగ్గురు డబ్బు అడుగుతూ ఉత్తరం రాయలేదు. నేను రాశాను, నా డబ్బు వచ్చింది. అందుకే "మీకు తెలుసా" దగ్గర ఆగకు. తెలిసీ ఎందుకు అడగలేదో అడుగు.

బర్మింగ్‌హామ్ నుంచి: అద్దె గొడవలకంటే జీతం ఎగ్గొట్టడమే ఎక్కువ. ఉద్యోగ తగాదాలు వినే ఎంప్లాయ్‌మెంట్ ట్రిబ్యునల్‌కి పోదామంటే ఫీజే వందల పౌండ్లు.

లెస్టర్ నుంచి: అది పాతమాట తమ్ముడూ. 2013లో పెట్టిన ఆ ఫీజుల్ని, యూనిసన్ అనే ఉద్యోగుల సంఘం వేసిన కేసులో, 2017లో సుప్రీంకోర్టు కొట్టేసింది.

బర్మింగ్‌హామ్ నుంచి: ఫీజు పోయింది సరే, లాయరు ఎవరిస్తారన్నా? ఇక్కడ 2012 చట్టం వచ్చాక, వివక్ష కేసులు తప్ప ఉద్యోగ తగాదాలకి లీగల్ ఎయిడ్ (సర్కారు ఖర్చుతో లాయరు) దాదాపు లేనట్టే. మన దేశంలో 1987 చట్టం కింద ఆడవాళ్ళకి, ఎస్సీ, ఎస్టీలకి ఆదాయంతో పనిలేకుండా లాయర్ని ఇవ్వాలి.

లెస్టర్ నుంచి: ఇవ్వాలని ఉంది. ఆ సంగతి ఎంతమందికి తెలుసు? ఈ అమ్మాయి వెతికేది అదే కదా.

మాంచెస్టర్ నుంచి: తను అడిగింది మనుషుల గురించి. అమ్మా, మనుషుల మీద పరిశోధనకి యూనివర్సిటీ ఇచ్చే ఎథిక్స్ అనుమతి చేతికి వచ్చేదాకా ఎవరినీ ఇంటర్వ్యూ చెయ్యకు. పేరు, అడ్రసు రాసుకోవద్దు. క్లాసులు నడిచే రోజుల్లో వీసా ఒప్పుకునే వారానికి 20 గంటలు దాటి పనిచేసినవాళ్ళు జీతం రాకపోయినా నోరు విప్పరు, దాటిన సంగతి బయటపడుతుందని. రూమ్మేట్ల ముందు, షాపు యజమాని చుట్టాల ముందు అసలు అడగొద్దు. విడిగా, వాళ్ళు చెప్పిన చోటే కలువు. అనుమతి రాగానే ఇక్కడే రాయి, మాట్లాడతామన్నవాళ్ళు మా వైపు ఇద్దరున్నారు.