ప్రమేయం: సిరొంచ బడిలో ఒకటి, కాళేశ్వరం బడిలో ఇంకొకటి

మాది మహారాష్ట్రలో గడ్చిరోలి జిల్లా సిరొంచ. ఇంట్లో తెలుగు, బడిలో మరాఠీ. మేం చదివిన ‘పైథాగరస్ ప్రమేయ’లో ప్రమేయ అంటే సిద్ధాంతం. గోదావరి దాటి తెలంగాణలో కాళేశ్వరం పోతే ప్రమేయం అంటే ఫంక్షన్, అంటే ఒక విలువ ఇస్తే దానికి తగ్గ ఒకే ఒక విలువ ఇచ్చే నియమం. మొన్న మా మేనల్లుడు “మామా, ఈ ప్రమేయం చెప్పవా” అని నోట్‌బుక్ తెస్తే నేను రుజువు మొదలుపెట్టాను. వాడికి కావలసింది గ్రాఫ్.

ఫంక్షన్‌ను ప్రమేయం అనడం తెలుగు పుస్తకాల తప్పు వాడకమని ఈ మాట మీద చర్చలో ఒకరు రాశారు. న్యాయదర్శనంలో, అంటే మన పాత తర్కశాస్త్రంలో, ప్రమాణంతో (తెలుసుకునే సాధనంతో) తెలుసుకోదగినది ప్రమేయం కాబట్టి, మరాఠీ అర్థమే మూలానికి దగ్గర. నిజమే. కానీ “నా ప్రమేయం లేకుండా జరిగింది” అని మనం రోజూ అంటాం కదా. ఈ విలువ రావడంలో ఆ సంఖ్య ప్రమేయం ఉందంటే ఎంత చక్కగా అతికింది!

రెండర్థాలూ ఒకేచోట కావలసిన సంగతి ఒకటి చెప్తాను. వరుసలో ఉన్నవాణ్ణి “నువ్వు ఎన్నోవాడివి?” అంటాం, మరాఠీలో ‘కిత్వా’ అంటాం. ఇంగ్లీషులో దీనికి ఒక్క మాట లేదు. గణితవేత్త కాంటర్ ఆ వరుసను అనంతం దాటించాడు. 1, 2, 3... అన్నీ అయ్యాక ఒమేగా అనే స్థానం, ఆపైన ఒమేగా+1, అలా. ఇప్పుడు మొదటివాడు తప్ప ప్రతివాడూ తనకంటే ముందున్న ఎవరో ఒకర్ని వేలెత్తి చూపాలి. ఎవరు ఎవర్ని చూపారన్నదే ఇక్కడ ఫంక్షన్. వరుస ఒమేగాకు ముందున్న 1, 2, 3... వరకే అయితే అందరూ తమ ముందువాణ్ణే చూపొచ్చు, ఎవరి మీదా రెండో వేలు పడదు. ఒమేగా స్థానంలో ఉన్నవాడికి సరిగ్గా ముందువాడంటూ లేడు. ఎవర్ని చూపినా మధ్యలో అనంతమంది మిగిలిపోతారు. వరుస లెక్కపెట్టలేనంత పొడవైతే, అంటే ఒక్కొక్కరికీ 1, 2, 3... లోంచి ఒక్కో వేరే సంఖ్య ఇస్తూ పోతే ఆ సంఖ్యలన్నీ కూడా చాలనంత మంది ఉంటే, ఎవరో ఒకడి మీద లెక్కపెట్టలేనన్ని వేళ్లు పడి తీరతాయి. 1956లో గణితవేత్త ఫోదోర్ నిరూపించిన దాంట్లో ఇది ఒక భాగం. ప్రమేయాల మీద ప్రమేయ!

ఇక గణితంలో ఒక ప్రవచనం (నిజమో కాదో తేల్చాల్సిన వాక్యం) ‘బలం’ అంటే ఏమిటని ఈ చర్చలో అడిగారు. ఒక ప్రవచనాన్ని నిరూపించడానికి ఎంత గట్టి స్వీకృతాలు (రుజువు లేకుండా ఒప్పుకునే మూల సూత్రాలు) కావాలో, అదే దాని బలం. ఫోదోర్ ఫలితానికి మామూలు సమితి సిద్ధాంతం చాలు. ఇలా వెనక్కి చూపే ప్రమేయాల గురించే, ఉత్త సహజ సంఖ్యల మీద, 1987లో కనమోరి, మెకలూన్ అనే గణితవేత్తలు ఇంకో ప్రవచనం ఇచ్చారు. అది నిజం, కానీ సహజ సంఖ్యలకు మామూలుగా వాడే పెయానో స్వీకృతాలతో నిరూపించలేం. చూడ్డానికి చిన్న సంఖ్యల మాటే, బలం మాత్రం అంత.

మా మహారాష్ట్రలోనే రాజురా, కిన్వట్ వైపు తెలుగువాళ్లు ఇంట్లో పిల్లలకు లెక్కలు చెప్పేటప్పుడు ప్రమేయం ఏ అర్థంలో వాడతారు?