ఓటీపీ ఎవరి ఫోన్‌కి వస్తే పెత్తనం వాళ్ళదే. ఎక్కడ మొదలుపెట్టాలి?

కలంకారి (ప్రశ్న)

వ్యక్తి స్వేచ్ఛ అనగానే రాజ్యాంగం దాకా వెళ్ళిపోతాం గానీ, నేను అడిగేది బీరువా దగ్గరి సంగతి. ఉద్యోగం చేస్తున్న 23, 24 ఏళ్ళ ఆడపిల్లల పరిస్థితి చాలా ఇళ్ళలో ఇదీ: సిమ్ నాన్న పేరు మీద, ఆధార్‌కి లింకైన నంబరు అన్నయ్యది, కాలేజీ రోజుల్లో తెరిచిన ఖాతా నాన్నతో జాయింటు. ఏటీఎం కార్డూ సర్టిఫికెట్లూ బీరువాలో. జీతం పడిన మెసేజీ ముందు ఇంట్లోవాళ్ళకి వెళ్తుంది. ఎవరూ చెడ్డవాళ్ళు కాదు, అలా జరిగిపోయిందంతే. వీటిని తన చేతిలోకి తెచ్చుకోవాలంటే ఏది ముందు, ఏది తర్వాత? జాయింటు ఖాతాలోంచి ఒక పేరు తీయించొచ్చా?

కౌంటర్ మూడు

వరుస ముఖ్యం. సిమ్, ఆధార్, ఖాతా, జీతం, చివర పీఎఫ్. చాలామంది ముందు బ్యాంకుకి పరిగెడతారు. అక్కడ ఆధార్ ఓటీపీ అడుగుతారు, అది అన్నయ్య ఫోన్‌కి పోతుంది, పని అక్కడే ఆగుతుంది.

సిమ్ సొంత పేరు మీద కొత్తది తీసుకోవడమే సుళువు. పాత నంబరే కావాలంటే పేరు మార్పిడికి నాన్నగారూ ఒప్పుకోవాలి. నంబరు మన చేతిలోనే ఉందిగా అనుకోవద్దు. సిమ్ ఎవరి పేరున ఉందో వాళ్ళు తమ గుర్తింపు కార్డుతో షాపుకెళ్ళి డూప్లికేట్ తీసుకుంటే మన చేతిలోని సిమ్ చచ్చిపోతుంది, ఓటీపీలన్నీ అటు పోతాయి.

తర్వాత ఆధార్ కేంద్రం. నంబరు మార్చడానికి కాగితాలు అక్కర్లేదు, పాత నంబరుకి వచ్చే ఓటీపీ అసలే అక్కర్లేదు. వేలిముద్ర చాలు. ఫీజు రూ. 75. ఆపరేటర్ టైప్ చేశాక పది అంకెలూ స్క్రీన్ మీద ఒక్కొక్కటే చదివి చూసుకోండి. ఒక్క అంకె తప్పినా మళ్ళీ క్యూ, మళ్ళీ 75. రసీదు దాచండి, మార్పు ఎంతవరకు వచ్చిందో దానిమీది నంబరుతోనే చూడాలి.

ఇక జాయింటు ఖాతా. పేరు తీయాలంటే ఖాతాదారులందరూ సంతకం పెట్టాలి. ‘ఈదర్ ఆర్ సర్వైవర్’ అని ఉంటే ఇద్దరిలో ఎవరైనా మొత్తం డబ్బు తీసుకోవచ్చు, బ్యాంకు అడ్డు చెప్పదు. దాంతో కుస్తీ పట్టేకంటే ఒంటరి పేరుతో కొత్త ఖాతా తెరవడం మేలు. ఇక్కడ రెండు గోతులున్నాయి.

మొదటిది: ఇంట్లో కూర్చుని ఆధార్ ఓటీపీ ఒక్కదానితో తెరిచిన ఖాతాలో నిల్వ లక్ష దాటకూడదు, ఏడాదిలో జమలన్నీ కలిపి రెండు లక్షలు దాటకూడదు, ఏడాదిలోపు పూర్తి కేవైసీ (మనిషి గుర్తింపు, చిరునామా సరిచూసుకోవడం) చేయాలి. నాలుగైదు జీతాలు పడేసరికి ఆ హద్దు దాటుతుంది, ఖాతా ఆగిపోతుంది. వీడియో కేవైసీ గానీ బ్రాంచికి వెళ్ళడం గానీ మొదటిరోజే కానివ్వండి.

రెండోది ఇంకా తమాషా. డెబిట్ కార్డు, చెక్కు పుస్తకం పోస్టులో ఆధార్ మీదున్న అడ్రసుకే పోతాయి. అంటే తిన్నగా ఆ బీరువాలోకే! ఫారంలో ఉత్తరాల అడ్రసు వేరుగా రాయండి, లేదా కార్డు బ్రాంచిలోనే చేతికిచ్చేలా అడగండి.

ఆఫీసులో ఖాతా మార్పుకి క్యాన్సిల్డ్ చెక్కు ఇవ్వాలి. జీతాల లెక్క నెలాఖరుకి వారం పదిరోజుల ముందే మూసేస్తారు కాబట్టి 15లోపే ఇవ్వండి. పాత ఖాతాలోంచి ఎల్‌ఐసీ, సిప్ (నెలనెలా మ్యూచువల్ ఫండ్‌కి కట్టేది), ఈఎంఐ లాంటివి కోతపడుతుంటే వాటిని మార్చేవరకు అందులో కొంత డబ్బు ఉంచాలి. లేకపోతే బౌన్సు చార్జీలు.

పీఎఫ్ పోర్టల్‌లో కేవైసీ కింద ఏ ఖాతా ఉందో చూడండి. మనం మార్చేదాకా అక్కడ పాతదే ఉంటుంది, క్లెయిము డబ్బు అందులోకే పోతుంది.

పెదవాల్తేరు

పైన చెప్పిన వరుస సరైనదే గానీ, ఇదంతా దొంగచాటుగా చేయొద్దని నా మాట. జీతం మెసేజీ ఆగిన నెలే ఇంట్లో తెలిసిపోతుంది. జీతం 40 వేలు, ఇంటికి 12 వేలు ఇవ్వాలనుకుంటే కొత్త ఖాతా నుంచి ప్రతి నెలా 3వ తేదీకి బ్యాంకే పంపేసేలా స్టాండింగ్ ఇన్‌స్ట్రక్షన్ పెట్టేయండి. ‘పిల్ల డబ్బు ఇవ్వడం మానేసింది’ అనే మాటకి చోటుండదు. తల్లిదండ్రులకి పంపిన డబ్బు మీద వాళ్ళకి పన్ను పడదు.

ఒకటి మాత్రం గట్టిగా చెప్తాను. ‘నీ పేరునే ఎఫ్‌డీ వేశాం కదమ్మా’ అంటే ఆగి చూడాలి. జాయింటు ఎఫ్‌డీలో మొదటి పేరు ఎవరిది, గడువు తీరాక డబ్బు ఏ ఖాతాలో పడుతుంది, రసీదు ఎవరి దగ్గరుంది? మొదటి పేరు అమ్మాయిదైతే వడ్డీ ఆమె పాన్ మీద లెక్కకొస్తుంది. డబ్బు ఇంకోచోట, పన్ను ఈవిడకి.

సాయంకాలం నడక

డబ్బు సరే, ఫోను కూడా చూడండి. వాట్సాప్‌లో ‘లింక్డ్ డివైసెస్’ తెరిస్తే ఇంట్లో లాప్‌టాప్ కనిపించడం మామూలే. లాగౌట్ కొట్టండి, టూ స్టెప్ పిన్ పెట్టండి. గూగుల్ ఖాతాలో రికవరీ నంబరూ రికవరీ మెయిలూ ఎవరివో చూడండి. అవి పాతవైతే పాస్‌వర్డ్ ఎన్నిసార్లు మార్చినా లాభం లేదు. మ్యాప్స్‌లో లొకేషన్ షేరింగ్ ‘ఆపేవరకు’ అని పెట్టి మరిచిపోయి ఉంటుంది, అదీ చూడండి.

యూపీఐని కొత్త నంబరుకి మార్చిన మొదటి 24 గంటలు రూ. 5,000 దాటనివ్వదు. హాస్టల్ ఫీజు కట్టాల్సిన రోజున ఈ పని పెట్టుకోకండి.

నల్లకోటు

సర్టిఫికెట్ల గురించి ఎవరూ చెప్పలేదు. ఆధార్‌కి లింకైన ఫోన్ నంబరు మారాక డిజిలాకర్ (పత్రాలు దాచుకునే ప్రభుత్వ యాప్) తెరవండి. చాలా బోర్డులవి పదో తరగతి మెమోలు అందులో దొరుకుతాయి. జారీ చేసిన సంస్థ నుంచి నేరుగా వచ్చిన పత్రం చట్టం దృష్టిలో అసలుతో సమానం. మనం స్కాన్ చేసి ఎక్కించుకున్నది కాదు, ఈ తేడా గుర్తుంచుకోండి. పాస్‌పోర్టుకి 18 దాటినవాళ్ళకి తల్లిదండ్రుల అనుమతి అవసరం లేదు. మామూలు ఫీజు రూ. 1,500.

అడిగినా ఇవ్వకపోతే? జీతం లాక్కోవడం, కాగితాలు దాచడం 2005 గృహహింస చట్టంలోని ఆర్థిక వేధింపు కిందికి రావచ్చు. ఆ చట్టం భార్యలకే అనుకుంటారు, కూతురికీ వర్తిస్తుంది. ఆమెకి చెందిన ఆస్తి, విలువైన పత్రాలు తిరిగిచ్చేయమని మేజిస్ట్రేటు ఆ చట్టంలోని సెక్షన్ 19(8) కింద ఆదేశించవచ్చు. ఆదాయం ఎంతున్నా ఆడవాళ్ళకి న్యాయసేవాధికార సంస్థలో లాయరు ఉచితం, ఫోన్ 15100. చాలా ఇళ్ళలో కోర్టు దాకా పోనక్కర్లేదు. ‘వెరిఫికేషన్‌కి ఆఫీసులో ఒరిజినల్స్ అడిగారు’ అని తెచ్చుకున్నవి మళ్ళీ బీరువాలోకి వెళ్ళకుండా చూసుకుంటే చాలు. దీన్ని పెదవాల్తేరు గారు దొంగచాటు అంటారేమో!

కలంకారి

అందరికీ థాంక్స్. కొత్త ఖాతాకి నామినీగా నాన్న పేరు పెడితే మళ్ళీ మొదటికొస్తుందా?

కౌంటర్ మూడు

రాదండీ. ఖాతాదారు బతికుండగా నామినీకి బ్యాలెన్సు చూసే హక్కు కూడా లేదు. 2025 నవంబరు నుంచి నలుగురి దాకా నామినీలు పెట్టుకోవచ్చు, ఎవరికెంత శాతమో రాయొచ్చు. నాన్న పేరు రాసేయండి, ఇంట్లోనూ సంతోషిస్తారు. ఫారంలో దాని పక్కనే ‘జాయింట్ హోల్డర్’ గడి ఉంటుంది. అది ఖాళీగా వదలకుండా అడ్డగీత కొట్టి ఇవ్వండి.